ఎర్దిగ్ గోడల మీది పేర్లు

మొదటి రోజు

మాంచెస్టర్ నుంచి చెస్టర్ దాకా ఒక రైలు, అక్కడ మారి రెక్సమ్‌కి ఇంకో రైలు. అబ్బాయికి సెలవు దొరకలేదు. "ఒక్కదానివే వెళ్తావా అమ్మా?" అని పదిసార్లు అడిగాడు. "బందరులో ముప్పై రెండేళ్లు పిల్లలకి చరిత్ర చెప్పినదాన్ని, నాలుగు రోజులు ఒక ఇల్లు చూసి రాలేనట్రా?" అని సంచీ సర్దుకున్నాను. రెండు డబ్బాల్లో పులిహోర, ఒక సీసాలో కారప్పొడి, చలికి రెండు స్వెట్టర్లు.

ఆ ఇంటి పేరు ఎర్దిగ్. వేల్స్ దేశానికి ఈశాన్యపు మూలన, రెక్సమ్ ఊరికి రెండు మైళ్ల దక్షిణాన ఉంది. వెల్ష్‌లో రెండు 'డి'లు పక్కపక్కన రాస్తే పలికేది ఇంచుమించు మన 'ద'. ఇంగ్లీషువాళ్లు తడబడే ఆ అక్షరం నా నోటికి సులువుగానే వచ్చింది. స్టేషన్లో టాక్సీ అబ్బాయి "క్రోయ్సో" అన్నాడు, స్వాగతం అని.

నిజానికి నన్ను ఇక్కడికి రప్పించింది ఇల్లు కాదు, ఒక సమాధి. సామాను గదిలో పడేసి ముందు అక్కడికే వెళ్లాను. సెయింట్ జైల్స్ చర్చి రెక్సమ్ నడిబొడ్డున ఉంది. దాని గోపురం ఊరంతా కనిపిస్తుంది. 1720 నాటి ఇనుప గేటు దాటి లోపలికి వెళ్తే, గోపురానికి పడమటి పక్క, పెట్టెలా కట్టిన రాతి సమాధి. అందులో ఉన్నది ఎలిహు యేల్. మా పాఠాల్లో అతను ఒక్క వాక్యం: 1687 నుంచి 1692 దాకా చెన్నపట్నం సెంట్ జార్జి కోటకు అధ్యక్షుడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి ఆ పేరు వచ్చింది ఇతని వల్లే. 1718లో ఇతను పంపిన సరుకు మూటలు అమ్మితే ఆ కాలేజీకి 562 పౌన్లు వచ్చాయి.

సమాధి మీద పద్యం చెక్కారు. పుట్టింది అమెరికాలో, పెరిగింది యూరప్‌లో, తిరిగింది ఆఫ్రికాలో, పెళ్లాడింది ఆసియాలో, పోయింది లండన్‌లో అని ఉంటుంది. ఆ తరవాత, చేసిన మంచి చాలా, చెడు కొంత, రెండూ చెల్లుకు చెల్లు అయ్యాయని ఆశపడదాం అంటుంది.

నేనక్కడ చాలాసేపు నిలబడ్డాను. యేల్ మద్రాసులో దిగింది 1672లో, ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా. అతను అధ్యక్షుడైన ఏడాదే గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. బట్టలు, వజ్రాలు అన్నీ ఆ తీరం మీదుగానే ఓడలెక్కేవి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో తవ్విన రాళ్లు మద్రాసు బజారుకు చేరేవి. యేల్ సొంతానికి వజ్రాల వ్యాపారం చేశాడు. సెంట్ జార్జి కోట నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించిన సంగతి ఆనాటి కంపెనీ కాయితాల్లోనే ఉంది. సొంత లాభం చూసుకున్నాడన్న ఆరోపణలతో పదవి పోయింది. 1699లో బోలెడు డబ్బుతో తిరిగొచ్చి, ఎర్దిగ్‌కు పొరుగునే ఉన్న ప్లాస్ గ్రోనో అనే తన ఇంటికి చేరాడు. 1721లో చనిపోయాడు.

చెల్లుకు చెల్లు అన్న మాట నా మనసుకు పట్టలేదు. బాకీ తీరిందో లేదో చెప్పాల్సింది ఇచ్చినవాళ్లు కదా.

రెండో రోజు

పొద్దున్నే నడిచే వెళ్లాను. అక్టోబరు మొదటి వారం, ఆకులు రాలుతున్నాయి, కాలిదారి తడిగా ఉంది. తోటలోంచి వెళ్తుంటే 'కప్పూ సాసరూ' అని పిలిచే జలపాతం తగిలింది. పెద్ద గుండ్రటి రాతి పళ్లెం, మధ్యలో బావిలాంటి గుంట. నీళ్లన్నీ గుండ్రంగా ఆ గుంటలోకి దూకి, కింద సొరంగంలోంచి అవతల బయటపడతాయి. 18వ శతాబ్దంలో విలియం ఈమ్స్ అనే తోటపనివాడు వాగు ఒడ్డు కోసుకుపోకుండా కట్టిన ఏర్పాటు ఇది. అంత మంచి ఉపాయం అంత అందంగా కట్టినందుకు పది నిమిషాలు అక్కడే ఆగాను.

పెద్ద ఇళ్లు చూడబోతే సింహద్వారం గుండా పంపిస్తారు. ఎర్దిగ్‌లో అలా కాదు, దొడ్డిదారిన తీసుకెళ్తారు. ముందు వడ్రంగి కొట్టు, రంపపు గుంట. తరవాత కమ్మరి కొలిమి, గుర్రపుశాల. ఆపైన బట్టలుతికే గదులు, రొట్టెలు కాల్చే గది, వంటిల్లు. అవన్నీ దాటాకే దొరల గదులు. 1977లో జనం కోసం ఇల్లు తెరిచినప్పుడు ఈ వరస ఆలోచించి పెట్టారు. ఇల్లు ఎవరి రెక్కల మీద నిలబడిందో వాళ్ల గుమ్మంలోంచే లోపలికి రావాలని. ఇది నాకు ఎంతో నచ్చింది. మా చిన్నప్పుడు చల్లపల్లి కోట బయటి నుంచి చూపిస్తూ మా తాతయ్య రాజుల పేర్లు వరసగా చెప్పేవాడు. లోపల వంట చేసినవాళ్లెవరో, గుర్రాలకు దాణా పెట్టినవాళ్లెవరో ఆయనకూ తెలియదు, నేనూ అడగలేదు.

ఉతికే గదిలో రాళ్లు నింపిన పొడవాటి పెట్టె ఒకటి ఉంది. దుప్పట్లు కర్రలకు చుట్టి, ఆ బరువైన పెట్టెను వాటి మీద ముందుకూ వెనక్కూ దొర్లిస్తే ఇస్త్రీ అయ్యేది. చక్రం తిప్పే పిడి దగ్గర చెక్క అరిగి నున్నబడింది. చెయ్యి పెట్టబోతే అక్కడున్న ఆవిడ మెత్తగా వద్దంది. తను వారానికి రెండు రోజులు జీతం లేకుండా వచ్చి పనిచేస్తుందట. వాళ్ల ముత్తవ్వ ఇలాంటి ఇంకో ఇంట్లో చాకలి పని చేసిందని, ఆ చేతులు ఎప్పుడూ పగిలి ఉండేవని వాళ్లమ్మ చెప్పేదని అంది.

పనివాళ్ల భోజనాల గదికి వచ్చాక నాకు మాట రాలేదు. గోడల మీద నూనె రంగుల పెద్ద బొమ్మలు. జమీందార్లవి కావు, ఇంటి పనివాళ్లవి. యజమాని మొదటి ఫిలిప్ యార్క్ 1790ల్లో డెన్‌బీ ఊరి చిత్రకారుడు జాన్ వాల్టర్స్ చేత వేయించినవే ఇందులో ఎక్కువ. ఒక్కో బొమ్మ మీద యజమాని స్వయంగా కట్టిన పద్యం. జేన్ ఎబ్రెల్ 1793లో, 87 ఏళ్ల వయసులో, చీపురు పట్టుకుని కూర్చుంది. ఇల్లు ఊడ్చి, బూజు దులిపి, సాలెగూళ్లు తీసే పనిమనిషి. ఆవిడ మమ్మల్నందరినీ కన్నతల్లి లాంటిదని, గదిగదికీ దుమ్ముని తరిమిందని పద్యం. తుపాకీతో వేటకాపరి జాక్ హెన్‌షా, కమ్మరి విలియం విలియమ్స్, వడ్రంగి ఎడ్వర్డ్ ప్రిన్స్. ప్రతి ఒక్కరికీ పేరుంది, వయసుంది, పని ముట్టుంది.

జేన్ కళ్లు మాత్రం ఇంకా నాతోనే ఉన్నాయి. మా బడిలో ముప్పై ఏళ్లు ఊడ్చిన ఆవిడను మేమంతా 'ఆయమ్మ' అనే పిలిచేవాళ్లం. ఆవిడ అసలు పేరు నాకు పదవీ విరమణ రోజున దండ వేస్తున్నప్పుడు తెలిసింది. ఆ సిగ్గు నన్ను ఈ గదిలో మళ్లీ పట్టుకుంది.

అదే గోడ మీద ఒక నల్ల కుర్రవాడి బొమ్మ ఉంది. బండి వెంట ఉండే నౌకరు దుస్తులు, చేతిలో కొమ్ము. మిగతా బొమ్మలకన్నా పాతది. దాని మీద పద్యం కూడా ఫిలిప్ యార్క్ రాసిందే, కానీ అందులో పేరు లేదు. ఇతని గురించి మాకు తెలిసింది స్వల్పం, ఇక్కడ ఉండేవాడు, మెల్లర్ దొర కోసం కొమ్ము ఊదేవాడు అంతే అంటాడు. యార్క్‌లకు ముందు ఈ ఇల్లు ఆ మెల్లర్‌ది. ఇలాంటివాడే ఇంకొకడు కూడా ఇక్కడ ఉండేవాడని, వాడి సంగతి ఒక్కటీ ఎవరికీ గుర్తులేదని అంటాడు. నలుపు తెలుపు తేడాలు, దొరకూ బానిసకూ మధ్య తేడాలు సమాధికి ఇవతల మరీ బలంగా ఉన్నాయని బాధపడతాడు. 18వ శతాబ్దపు భూస్వామి ఒకడు ఈ మాట రాసి పనివాళ్ల అన్నాల గదిలో పెట్టించినందుకు అతని మీద గౌరవం కలిగింది. కానీ బూజు దులిపిన జేన్‌కు పేరూ వయసూ దొరికిన గోడ మీద, ఈ కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి కొమ్ము మాత్రమే మిగిలింది.

బయటి నడవాలో గోడ నిండా ఫొటోలు. 1852లో ఇంటి మెట్ల మీద పనివాళ్లందరినీ నిలబెట్టి, ఎవరి పనిముట్టు వాళ్ల చేతికిచ్చి తీసిన ఫొటో మొదలు, 1912 నాటి ఫొటో దాకా. వీటికి పద్యాలు కట్టింది మొదటి ఫిలిప్ మనవడి కొడుకు, రెండో ఫిలిప్ యార్క్. తాతల అలవాటు పోనివ్వలేదు.

అలాగని ఇక్కడ అంతా పూలబాట అనుకుంటే పొరపాటు. 1907లో ఈ ఇంటి వంటమనిషి, ఇల్లు చూసుకునే పెద్ద పనిమనిషి రెండూ తనే అయిన ఎలెన్ పెంకెత్ మీద, 500 పౌన్లు కాజేసిందని యజమానురాలు లూయిసా యార్క్ కేసు పెట్టింది. రూథిన్ కోర్టులో ఆమె నిర్దోషి అని తేలింది. లూయిసా మాత్రం తన డైరీలో 'దొంగ వంటమనిషి' అనే రాసుకుంది. ఒకే ఇంట్లో, ఒకే కుటుంబం చేతి రాత.

మూడో రోజు

వాన. టాక్సీలో వెళ్లాను. పై గదుల్లో కరెంటు దీపాలు లేవు, కిటికీల్లోంచి వచ్చే వెలుగే. కళ్లు అలవాటు పడడానికి కొంచెంసేపు పట్టింది. అయితే 18వ శతాబ్దంలో ఆ గదుల్లో ఉన్నవాళ్లు చూసింది కూడా ఈ మసక వెలుగే కదా.

ఇంటి కథ అప్పుతో మొదలవుతుంది. 1684లో జాషువా ఎడిస్‌బరీ అనే ఆయన, అప్పటికే డెన్‌బీషైర్ జిల్లాకు హై షెరీఫ్‌గా, అంటే రాజు తరఫు అధికారిగా చేసిన పెద్దమనిషి, తన హోదాకు తగ్గ ఇల్లు కావాలనుకున్నాడు. థామస్ వెబ్ అనే మేస్త్రీ చేత కట్టించాడు. 1687 నాటికి ఇల్లు లేచింది, ఎడిస్‌బరీ మునిగాడు. అప్పులిచ్చినవాళ్లలో పొరుగింటి యేల్ ఒకడు. చేబదులు కాదు, వడ్డీకే. తిరిగి అడిగినప్పుడు ఎడిస్‌బరీ దగ్గర లేదు. 1709లో దివాలా తీశాడు. ఇల్లు కట్టి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇది తెలిసినప్పటి నుంచీ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. కొల్లూరు గనుల్లో దిగినవాళ్లు, కోరమండల్ తీరంలో మగ్గం మీద వంగినవాళ్లు, వాళ్ల చెమటలో ఎంతో కొంత భాగం మద్రాసులో యేల్ చేతికి చేరి, అక్కడి నుంచి అప్పుగా వెల్ష్ పల్లెటూరికి వచ్చి, ఒక పెద్దమనిషి ఇల్లు ఊడబెరికింది. మా అమ్మ పుట్టింది పెడనలో. అద్దకం అచ్చుల మీద సుత్తి దెబ్బల చప్పుడు మధ్య పెరిగింది. వీళ్ల వంశవృక్షంలో నాకేం పని అనుకుంటూ వచ్చినదాన్ని, నడిమధ్యన మా తీరం కనిపించేసరికి కుర్చీ వెతుక్కున్నాను.

ఒక గదిలో మడతలు మడతలుగా నిలబెట్టిన నల్ల లక్క తెర ఉంది. అందులో చెక్కి రంగులు నింపిన చైనా బొమ్మలు. దీని రకం పేరు 'కోరమండల్ లక్క'. చేసింది చైనాలో, కానీ ఓడలు మన తీరపు రేవుల్లో మారి వచ్చేవి కనుక ఆ పేరు పడింది. దీన్ని మద్రాసు నుంచి యేల్ తన పొరుగువాడు ఎడిస్‌బరీకి కానుకగా పంపాడని ఇంటివాళ్లు చెప్పుకుంటారు. స్నేహితులుగా ఉన్నప్పటి కానుక అది. ఎడిస్‌బరీ సర్వం పోగొట్టుకున్నా తెర మిగిలింది. అక్కడ కాపలా ఉన్న పెద్దాయనతో "మాది బందరు, ఆ తీరమే" అన్నాను. ఆయన నన్నూ తెరనూ మార్చి మార్చి చూసి, "అయితే ఇది మీ ఊరి మీదుగా వచ్చిందన్నమాట" అని పక్కకు జరిగి, బాగా చూడమని చోటిచ్చాడు.

ఎడిస్‌బరీ తరవాత ఇల్లు లండన్ లాయరు జాన్ మెల్లర్ చేతికి వచ్చింది. అప్పుల దావాలు విచారించే చాన్సరీ కోర్టు అధికారి. అప్పులు కొని, ఇల్లు కొని, 1720ల్లో రెండు పక్కలా రెక్కలు కట్టించి, లండన్‌లో దొరికే మేలైన సామానంతా తెప్పించాడు. వెండి పూసిన కుర్చీలు, బంగారు నగిషీ అద్దాలు, చైనా పట్టు మీద కుట్టుపని చేసిన పెద్ద మంచం. నెమళ్లూ పూలూ కుట్టిన ఆ పట్టు 300 ఏళ్లు దాటినా రంగు తప్పలేదు. మధ్యలో ఇంటి కప్పు కారి పాడైపోతే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం బాగుచేసింది. మెల్లర్ పెళ్లి చేసుకోలేదు. 1733లో పోతే, ఆస్తి మేనల్లుడు సైమన్ యార్క్‌ది అయింది.

అక్కడి నుంచి 240 ఏళ్లు ఈ ఇంటి యజమానులంతా సైమన్ లేదా ఫిలిప్. ఇంకో పేరు లేదు. మనవాళ్లు తాత పేరు మనవడికి పెట్టినట్టే. నేను చీటీ మీద రాసుకుంటూ నాలుగుసార్లు కొట్టేశాను. వీళ్లలో నాకు దగ్గరైనవాడు మొదటి ఫిలిప్, 1767 నుంచి 1804 దాకా. ఇంగ్లీషువాడి వంశమైనా వెల్ష్ వంశాల చరిత్ర మీద ఒక పుస్తకం రాశాడు. ఇంటి పడమటి గోడను వాన తినేస్తుంటే జేమ్స్ వయట్ అనే వాస్తుశిల్పి చేత రాయి తొడిగించాడు. పనివాళ్లకు పద్యాలు కట్టిందీ అతనే.

కానీ మేడ మీద గాజు పెట్టెల్లో ఉన్న ఎలిజబెత్ రాట్‌క్లిఫ్ పనితనం చూశాక అతని మంచితనానికి ఎక్కడ గట్టు పడుతుందో తెలిసింది. బెట్టీ అనేవారు ఆమెను. చెస్టర్‌లోని గడియారాల పనివాడి కూతురు, ఇంటి పెద్దామెకు సేవకురాలు. 1767లో ముత్యపు చిప్పతో చైనా పగోడా నమూనా చేసింది. అంతస్తు అంతస్తుకీ వేలాడే చిన్న చిన్న గంటలు. 1773లో సిరియాలోని పాత నగరం పాల్మైరా శిథిలాల నమూనా. వేలి గోరంత స్తంభాలు. ఇంత కళ ఉన్న మనిషికి ఫిలిప్ పలికిన మాట ఏమిటంటే, బొమ్మలు ఎక్కువగా వేయనివ్వొద్దు, ఏడాదికి ఒకటి చాలు, దొరసానిగా ఎదిగితే పనిమనిషిగా మనకు దక్కదు అని తన తల్లికి రాయడం. పేరు రాసి పెట్టిన చెయ్యే, ఆ పేరు ఎంత పెద్దది కావచ్చో కూడా కొలిచి పెట్టింది. పగోడా ముందు నాకు ఆమె మీద వచ్చినంత ప్రేమ మంచం మీద, అద్దాల మీద రాలేదు.

నాలుగో రోజు

వాన తెరిపిచ్చింది. ఇంటి వెనక తోటలో గోడలకు అంటించి పెంచిన ఆపిల్ చెట్లు, కొమ్మలు చేతులు చాచినట్టు రెండు పక్కలకూ కట్టి. వందకు పైగా రకాలు. నిండా కాసి ఉన్నాయి. మధ్యలో తిన్నటి కాలవ, ఇరువైపులా పేరు లైమే అయినా నిమ్మజాతికి చెందని చెట్ల వరసలు. ఇదంతా ఒకప్పుడు అడవి అయిపోయింది. 1740 నాటి ఒక ముద్రణ చిత్రం దగ్గర పెట్టుకుని మళ్లీ గీత తప్పకుండా నాటారు.

అడవి కావడానికి కారణం ఇంటి కింద ఉంది. బెర్షమ్ బొగ్గు గని ఎర్దిగ్ పునాదుల అడుగు దాకా వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత గనులు ప్రభుత్వపరమయ్యాయి. తవ్విన కొద్దీ నేల కుంగింది, ఇల్లు ఒక పక్క 5 అడుగులు దిగింది. పైకప్పు చిరిగి వాన నేరుగా పట్టు మంచం మీద పడింది. నాలుగో సైమన్ 1966లో పోయేదాకా ఎవరినీ రానివ్వకుండా, ఏమీ బాగుచేయించకుండా బతికాడు. తమ్ముడు మూడో ఫిలిప్ వచ్చేసరికి తోటలో గొర్రెలు మేస్తున్నాయి, కారే చోట్ల బకెట్లు పెట్టి ఉన్నాయి. పెళ్లి కాలేదు, కరెంటు లేదు, టీవీకి చిన్న జనరేటరు. అంత బీదరికంలోనూ ఒక్క కుర్చీ అమ్మలేదు. 1973లో ఇంటిని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు అప్పగించాడు, ఒక్క వస్తువు కూడా ఇంట్లోంచి కదపకూడదన్న షరతు మీద. అరిగిన చీపుళ్లతో సహా అన్నీ ఉండాలన్నాడు. అందుకే 30,000 వస్తువులు ఇవాళ మన కళ్ల ముందున్నాయి. గనులు నడిపే ప్రభుత్వ బొగ్గు బోర్డు 120,000 పౌన్లు నష్టపరిహారం ఇచ్చింది. అది చాలక ఎస్టేటు భూమి కొంత అమ్మి ఇల్లు నిలబెట్టారు. 1978లో ఫిలిప్ పోయాడు, ఇల్లు తెరుచుకున్నది చూసే పోయాడు.

యేల్ ఉన్న ప్లాస్ గ్రోనో 19వ శతాబ్దంలోనే కూలగొట్టేశారు. మిగిలింది పేరు.

సాయంత్రం రైలుకి ఇంకా టైముందని బెర్షమ్ గని దగ్గరికి వెళ్లాను. 1986లో మూతపడింది, ఈ చుట్టుపక్కల బొగ్గు గనుల్లో చివరిది. మనుషుల్ని కిందికి దించే ఇనుప గోపురం, దాని చక్రం ఇంకా నిలబడి ఉన్నాయి. అక్కడ ఒక ముసలాయన కుక్కను తిప్పుతున్నాడు. మూసేదాకా ఇందులో పనిచేశాడట, తండ్రి కూడా ఇదే గనిలో. ఎర్దిగ్ చూసి వస్తున్నానంటే, చేతికర్రతో చెట్ల వైపు చూపించి, పైన ఆ ఇల్లుందని తెలిసే తవ్వామన్నాడు. పగుళ్లు వచ్చాయని పేపర్లో పడినప్పుడు వాళ్ల నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదన్నాడు.

"ఆ ఇంట్లో పనివాళ్ల బొమ్మలున్నాయి. గనివాళ్లవి ఉన్నాయా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

పుస్తకం తీసి, మీ నాన్నగారి పేరు చెప్పండి, రాసుకుంటాను అన్నాను. ఎందుకని అడగలేదు. వెల్ష్ పేరు, నాకు అందలేదు. కుక్కను పక్కన కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం ఆగి ఆగి చెప్పాడు. రెండు 'డి'లు వచ్చిన చోట నేను పలికింది విని, "సరిగ్గా అన్నావు" అన్నాడు.